ఇంటి కాగితాలను ఫోన్‌లోకి చేర్చుకోవడం ఎలా: ట్రంకు పెట్టె నుంచి డిజిలాకర్ దాకా

జూన్‌లో కాలేజీల అడ్మిషన్లు మొదలయ్యాయంటే, నల్లగొండ గడియారం సెంటర్‌లోనైనా మహబూబ్‌నగర్ బస్టాండు పరిసరాల్లోనైనా, జిరాక్స్ సెంటర్ల ముందు ప్లాస్టిక్ కవర్లు పట్టుకున్న తల్లిదండ్రులు కనిపిస్తారు. కవర్‌లో ఉండవలసిన కాగితాల్లో ఒకటి మాత్రం ఉండదు. అది ఊళ్లో ట్రంకు పెట్టెలో ఉందని ఇంటికి ఫోన్ చేస్తే, పెట్టె తాళం ఎవరి దగ్గర ఉందో తెలియదు. నేనూ అలా నిలబడ్డవాణ్ణే. మా అబ్బాయి కుల ధ్రువీకరణ పత్రం కోసం ఒక రోజంతా తిరిగి, చివరికి అది మా ఇంట్లోనే పాత క్యాలెండర్ చుట్టలో దొరికిన తర్వాత, కాగితాలన్నింటినీ ఒక క్రమంలో పెట్టాలని కూర్చున్నాను. రెండు ఆదివారాలు పట్టింది. ఆ పని ఎలా చేయాలో, ఎక్కడెక్కడ చిక్కులు వస్తాయో వరుసగా చెబుతాను.

దీనికి స్కానర్ కొనవలసిన అవసరం లేదు. కెమెరా బాగా పనిచేసే ఒక స్మార్ట్‌ఫోన్, ఫోన్‌కు నేరుగా గుచ్చుకునే ఓటీజీ పెన్‌డ్రైవ్ ఒకటి, రెండు వందల పేజీల నోటుబుక్కు, జిప్పు ఉన్న మందపాటి ఫోల్డరు ఉంటే చాలు.

ముందు ఫోన్ నంబరు సంగతి

చాలామంది ఈ పనిని స్కానింగుతో మొదలుపెడతారు. నా అభిప్రాయంలో మొదలుపెట్టవలసింది అక్కడ కాదు. డిజిలాకర్ (కాగితాలను ఆన్‌లైన్‌లో దాచుకునే ప్రభుత్వ వేదిక) తెరవడానికైనా, ఆధార్ ప్రతి దించుకోవడానికైనా, బ్యాంకు పనికైనా ఓటీపీ వచ్చే నంబరే తాళంచెవి కాబట్టి, ఆ నంబరు ఏదో, ఆ సిమ్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో తెలియకపోతే మిగిలిన పనులన్నీ సగంలో ఆగిపోతాయి. పల్లెల్లో ఆధార్ నమోదు జరిగిన రోజుల్లో ఇంటికి ఒక్క ఫోన్ ఉండడమే గొప్ప. అందువల్ల అమ్మ ఆధార్‌కు కొడుకు పాత నంబరు, నాయన ఆధార్‌కు పక్కింటివాళ్ల నంబరు పడి ఉండడం ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో కనిపిస్తుంది.

మైఆధార్ వెబ్‌సైట్‌లో ‘చెక్ ఆధార్ వ్యాలిడిటీ’ అనే చోటికి వెళ్లి, పన్నెండు అంకెల ఆధార్ నంబరును, తెర మీద కనిపించే క్యాప్చాను నమోదు చేయండి. ఓటీపీ అడగకుండానే, ఆ ఆధార్‌కు జతచేసిన మొబైల్ నంబరులోని చివరి మూడు అంకెలను అది చూపిస్తుంది. ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఇలా చూసి, నోటుబుక్కులో పేరుకు ఎదురుగా ఆ మూడు అంకెలు రాసుకోండి. అవి ఇంట్లో ఎవరి నంబరుకూ సరిపోలకపోతే, ఆ మనిషిని వెంటబెట్టుకొని ఆధార్ కేంద్రానికి వెళ్లి నంబరు మార్పించండి. దీనికి వేరే రుజువు పత్రాలేమీ అవసరం లేదు, వేలిముద్ర లేదా కనుపాప సరిపోతే చాలు. ఐదేళ్లు, పదిహేనేళ్లు నిండిన పిల్లలకు వేలిముద్రలు, కనుపాపలు తాజాపరచడం తప్పనిసరి కాబట్టి, అలాంటి పిల్లలుంటే అదే ప్రయాణంలో ఆ పని కూడా పూర్తిచేయండి.

రీచార్జి చేయకుండా వదిలేసిన నంబరును రద్దయిన 90 రోజుల తర్వాత కంపెనీ మరొకరికి ఇచ్చే వీలుంది. ముసలివాళ్ల పేరు మీద ఉన్న చిన్న ఫోన్‌ను ఎవరూ వాడడం లేదని సిమ్‌ను వదిలేసే ముందు, ఆ నంబరు ఆధార్‌కూ బ్యాంకు ఖాతాకూ జతచేసి ఉందేమో చూడండి. జతచేసి ఉంటే, ఆ రెండు చోట్లా నంబరు మార్పించేదాకా రీచార్జి ఆపకండి.

రెండవది గూగుల్ ఖాతా. ఫోన్ కొన్న రోజు షాపులోని కుర్రవాడే జీమెయిల్ తయారుచేసి ఇస్తాడు, దాని పాస్‌వర్డు మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఫోన్ పాడైన రోజు ఫోటోలు, కాంటాక్టు నంబర్లు ఆ ఖాతాలోనే చిక్కుకుపోతాయి. కాబట్టి ఫోన్ సెట్టింగ్స్‌లో ఏ జీమెయిల్ ఉందో చూసి, పాస్‌వర్డు కొత్తగా పెట్టి, రికవరీ ఫోన్ నంబరుగా ఇంట్లోని మరొకరి నంబరు ఇచ్చి, రెండంచెల ధ్రువీకరణ ఆన్ చేయండి. రెండేళ్లపాటు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు కనుక, ఖాతా తెరిచి వదిలేయకుండా అప్పుడప్పుడు వాడుతూ ఉండాలి.

కాగితాలను విడదీయడం

ఇంట్లోని కాగితాలన్నీ నేల మీద పరచండి. ట్రంకు పెట్టె, బీరువా, దేవుడి పటాల వెనుక, గోడకు వేలాడే సంచి, బియ్యం డబ్బా మీది కవరు, వీటిలో దేన్నీ వదలకండి. వాటిని మూడు కుప్పలు చేయండి. పోతే మళ్లీ పుట్టించడం కష్టమైనవి మొదటి కుప్ప: రిజిస్ట్రేషన్ దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకం, పదో తరగతి మెమోలు, పాత పహాణీ (భూమి రికార్డు) నకళ్లు, తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాలు. పోయినా మళ్లీ తెచ్చుకోగలిగినవి రెండవది: ఆదాయ పత్రం, ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు. పాత కరెంటు బిల్లులు, గడువు తీరిన బీమా రసీదులు, నాలుగేళ్ల కిందటి ఫీజు రసీదులు మూడవది. మూడవ కుప్పను స్కాన్ చేస్తూ కూర్చోకండి. అక్కడే విసుగు వచ్చి అసలు పని ఆగిపోతుంది.

మొదటి కుప్పలోని వాటికి లామినేషన్ చేయించకండి. భద్రంగా ఉంటుందని మా నాయన ఒక పాత దస్తావేజుకు లామినేషన్ వేయించాడు. దాని వెనుక ఉన్న ముద్రలు ఇప్పుడు మెరుపులో సరిగ్గా కనబడవు, ప్లాస్టిక్కును తీయబోతే కాగితమే లేచి వస్తుంది. ఒక్కొక్క పత్రాన్ని విడిగా పారదర్శకమైన కవర్‌లో పెట్టి, ఫోల్డరును నేలకు, గోడకు ఆనకుండా ఇనుప బీరువా పై అరలో ఉంచండి. చెదలు గోడ వెంబడే వస్తాయి.

ఫోన్‌తో స్కానింగు

ఫోటో తీయడం వేరు, స్కాన్ చేయడం వేరు. ఫోటోలో అంచులు వంకరపోయి, నీడ పడి, కింద పరచిన దుప్పటి పూలు కూడా వస్తాయి. స్కాన్ చేస్తే కాగితం అంచులను ఫోనే గుర్తించి, చుట్టూ ఉన్నదాన్ని కత్తిరించి, పేజీలన్నింటినీ కలిపి ఒకే పీడీఎఫ్ చేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ డ్రైవ్ తెరిచి, ప్లస్ గుర్తు గానీ కెమెరా బొమ్మ గానీ నొక్కితే ‘స్కాన్’ కనిపిస్తుంది. ఐఫోన్‌లో అయితే నోట్స్ యాప్‌లోనే ఈ సౌకర్యం ఉంది. క్యామ్‌స్కానర్ పేరు మీద ఎవరైనా వాట్సాప్‌లో ఫైలు పంపితే దాన్ని ఇన్‌స్టాల్ చేయకండి. 2020 జూన్ చివరలో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఒకటి.

పొద్దున పది గంటల వేళ, ఎండ నేరుగా పడని వరండాలో కూర్చోండి. మన ఇళ్లలో పరచిన నల్ల బండలు గానీ షాబాదు బండలు గానీ ఈ పనికి చక్కగా సరిపోతాయి, ఎందుకంటే ముదురు రంగు నేల మీద తెల్ల కాగితం అంచులను ఫోన్ తేలికగా పట్టుకుంటుంది. ఫ్లాష్ వేయకండి. మడతలు పడిన కాగితాన్ని ఒక రాత్రి బరువైన పుస్తకాల కింద పెట్టి తీస్తే అక్షరాలు విరగకుండా వస్తాయి. రెండు వైపులా ఉన్న ప్రతిదాన్నీ రెండు వైపులా తీయండి, ఖాళీగా కనిపించే వెనుక పేజీ మీదనే ఒక్కోసారి స్టాంపు వెండరు ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. పాసుపుస్తకంలో ప్రతి పేజీ తీయాలి. తెర మీద చూసి బాగుందనుకోకుండా, వేళ్లతో పెద్దది చేసి, సంతకం, ముద్ర, తేదీ చదవగలుగుతున్నామో లేదో చూసిన తర్వాతే తర్వాతి కాగితానికి వెళ్లండి.

ఇక పేర్లు. ఫోన్ తనంతట తాను పెట్టే అంకెల వరుసను అలాగే వదిలేస్తే, వంద ఫైళ్లలో ఏది ఏదో దేవుడికే తెలియాలి. మనిషి, పత్రం, సంవత్సరం అనే వరుసలో ‘అమ్మ ఆధార్ 2023’, ‘పెద్దోడు పదో తరగతి మెమో 2019’, ‘చెలక దస్తావేజు 1998’ అని తెలుగులోనే పెట్టుకోండి. కీబోర్డులో తెలుగు టైపు చేయడం రానివాళ్లు మైకు బొమ్మ నొక్కి చెబితే సరిపోతుంది. ఉద్యోగ దరఖాస్తులు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు తీసుకునే వెబ్‌సైట్లు మాత్రం తెలుగు పేర్లున్న ఫైళ్లను, పెద్ద ఫైళ్లను తిరస్కరించడం మామూలే. అలాంటప్పుడు ఆ ఫైలుకు ఒక నకలు చేసి, పేరు ఇంగ్లీషు అక్షరాల్లో మార్చి, అడిగినంత సైజుకు తగ్గించి పంపండి. అసలు ఫైలును మాత్రం ఎప్పుడూ తగ్గించకండి, ఒకసారి పోయిన స్పష్టత తిరిగి రాదు.

డ్రైవ్‌లో ‘ఇంటి కాగితాలు’ అనే ఫోల్డరు చేసి, అందులో ఇంటిలోని ఒక్కొక్కరికి ఒక ఫోల్డరు, భూమికి ఒకటి, ఇంటికి ఒకటి పెట్టండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ చోటులో జీమెయిల్, ఫోటోలు కూడా ఉంటాయి. పెళ్లి వీడియోలతో అది నిండిపోయిన ఇళ్లలో కొత్త కాగితం ఎక్కదు కాబట్టి, ముందు ఆ వీడియోలను పెన్‌డ్రైవ్‌లోకి మార్చండి. పని పూర్తయ్యాక కాగితాల ఫోల్డరును కూడా పెన్‌డ్రైవ్‌లోకి నకలు చేసి, దాన్ని అసలు కాగితాలున్న బీరువాలో కాకుండా వేరేచోట, కూతురి ఇంట్లోనో అన్నదమ్ముల ఇంట్లోనో ఉంచండి.

వాట్సాప్‌లో తనొక్కరే ఉన్న గ్రూపు చేసుకొని, అందులో కాగితాలన్నీ వేసుకునే అలవాటు చాలామందికి ఉంది. తాత్కాలికంగా అది పనికొస్తుంది గాని, భద్రత అనుకోవడానికి లేదు. ఫోటోగా పంపినప్పుడు వాట్సాప్ స్పష్టతను తగ్గిస్తుంది, ఫోన్ మారినప్పుడు బ్యాకప్ లేకపోతే అంతా పోతుంది. పంపక తప్పనప్పుడు ఫోటోగా కాక ‘డాక్యుమెంట్’గా పంపండి.

డిజిలాకర్‌లో ఏమి పెట్టాలి

2015 జులైలో కేంద్రం ప్రారంభించిన డిజిలాకర్‌లో రెండు అరలు ఉన్నాయని, వాటి మధ్య తేడా పెద్దదని ముందుగా గ్రహించాలి. ఒకటి ‘ఇష్యూడ్’ పత్రాల అర. పత్రాన్ని జారీచేసిన కార్యాలయమే నేరుగా తన రికార్డు నుంచి అక్కడికి పంపుతుంది, అది అసలు పత్రంతో సమానమని 2017లో నిబంధనలు వచ్చాయి. రెండవది మనం స్కాన్ చేసి ఎక్కించుకునే ‘అప్‌లోడెడ్’ అర. ఇందులోనిది మన దగ్గరున్న జిరాక్స్ వంటిదే తప్ప, చట్టం దృష్టిలో అంతకు మించిన విలువ లేదు. కౌంటరు దగ్గర ‘డిజిలాకర్‌లో ఉంది సార్’ అని చూపినప్పుడు ఒకరిది ఒప్పుకొని మరొకరిది కాదనడానికి కారణం చాలాసార్లు ఈ తేడాయే. డ్రైవింగ్ లైసెన్సు, ఆర్‌సీల విషయంలో డిజిలాకర్‌లో గానీ ఎంపరివాహన్ యాప్‌లో గానీ చూపేవాటిని అసలు వాటిలాగే అంగీకరించాలని 2018లో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు సూచించింది.

ఖాతా తెరవడానికి ఆధార్ నంబరు, దానికి జతచేసిన ఫోన్‌కు వచ్చే ఓటీపీ, మీరే పెట్టుకునే ఆరంకెల పిన్ కావాలి. తెరిచిన తర్వాత ఆధార్, పాన్ తెచ్చుకోవడం తేలిక. మెమోలు, ఇతర ధ్రువపత్రాల కోసం జారీచేసిన బోర్డు లేదా శాఖ పేరుతో వెతకండి, కనిపిస్తే రోల్ నంబరు, సంవత్సరం ఇచ్చి ఇష్యూడ్ అరలోకి తెచ్చుకోండి, కనిపించకపోతే మీ స్కాన్‌ను రెండో అరలో పెట్టండి. ఒకరి ఖాతాలోనే ఇంటిల్లిపాదివీ కుక్కకండి. పెద్దవాళ్లలో ప్రతి ఒక్కరికీ ఎవరి ఆధార్‌తో వారి ఖాతా ఉండడమే సరైన పద్ధతి.

పాలమూరు, నల్లగొండ ఇళ్లలో ఇక్కడ తగిలే చిక్కు పేరుది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, మెమోలో ఒక్క అక్షరం మాత్రమే ఉంటుంది, పాన్‌లో అది చివరికి పోతుంది. పేరు సరిపోలకపోతే పత్రం డిజిలాకర్‌లోకి రాదు. అన్నింటినీ ఒకేసారి మార్పించాలని పరుగెత్తకుండా, మార్చడం అన్నింటికన్నా కష్టమైన పదో తరగతి మెమోలో పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో చూసి, మిగతావాటిని దానికి అనుగుణంగా దిద్దించుకోవడం మేలు. పిల్లలు పుట్టినప్పుడే ఈ జాగ్రత్త పడితే ఇంకా మంచిది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేర్పించడం మొదలుకొని అనేక పనులకు జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, నమోదు చేసేటప్పుడు స్పెల్లింగు రెండుసార్లు చూడాలి.

జిల్లా పేరు కూడా ఇలాంటిదే. 2016 అక్టోబరు 11న ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి, 2019లో నారాయణపేట వచ్చింది. దాంతో అచ్చంపేట దగ్గరి ఊరివాళ్ల పాత కాగితాల్లో ‘మహబూబ్‌నగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్’ అని, కొత్తవాటిలో ‘నాగర్‌కర్నూల్ జిల్లా, తెలంగాణ’ అని ఉంటుంది. ఇందులో తప్పేమీ లేదు గాని, ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ఏ జిల్లా, ఏ మండలం ఎంచుకోవాలో తెలియక సగం పొద్దు పోతుంది. నోటుబుక్కు మొదటి పేజీలోనే మీ ఊరి పాత మండలం, పాత జిల్లా, కొత్త మండలం, కొత్త జిల్లా, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరు రాసిపెట్టుకోండి.

భూమి కాగితాలు

రైతు ఇంట్లో తొందరపడకుండా చేయవలసిన భాగం ఇదే. భూముల రికార్డుల కోసం 2020 అక్టోబరులో వచ్చిన ధరణి వెబ్‌సైట్ స్థానంలో 2025 ఏప్రిల్ 14 నుంచి భూ భారతి వచ్చింది. మొదట నాలుగు మండలాల్లో ప్రయోగాత్మకంగా మొదలైనప్పుడు వాటిలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. భూ భారతి వెబ్‌సైట్‌లో జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు ఎంచుకొని గానీ, టీ అక్షరంతో మొదలయ్యే పాసుపుస్తకం నంబరుతో గానీ మీ భూమి వివరాలు చూడవచ్చు.

పాసుపుస్తకాన్ని పక్కన పెట్టుకొని, తెర మీద ఉన్నదానితో ఒక్కొక్క గడినీ పోల్చండి. సర్వే నంబరులో ఉపవిభాగం (125/అ, 125/ఆ వంటివి) ఒకటేనా, విస్తీర్ణం ఎకరాలు, గుంటల్లో సరిపోయిందా, పట్టాదారు పేరు, తండ్రి లేదా భర్త పేరు సరిగ్గా ఉన్నాయా, భూమి స్వభావం పట్టా అని ఉందా మరొకటి ఉందా అన్నవి చూడాలి. నలభై గుంటలు ఎకరం కనుక, దశాంశ బిందువు తర్వాత కనిపించే అంకెలను గుంటలుగానే చదవాలి, అంటే 2.20 అని ఉంటే రెండున్నర ఎకరాలు. పట్నంలో చదువుకున్న పిల్లలు దీన్ని మామూలు దశాంశంగా చదివి, భూమి తగ్గిందని కంగారు పడడం నేను చూశాను. చూసిన పేజీని పీడీఎఫ్‌గా దాచి, పేరులో ఆ రోజు తేదీ పెట్టండి. ధరణి కాలంలో తీసుకున్న నకళ్లుంటే పారేయకండి, ఏ తేదీన రికార్డు ఎలా ఉందో చెప్పడానికి అవి పనికొస్తాయి. తేడా కనిపిస్తే ఎవరో మధ్యవర్తికి ఫోన్ చేసే ముందు తహసీల్దార్ కార్యాలయంలో దరఖాస్తు చేయండి. కొత్త చట్టంలో తహసీల్దార్ నిర్ణయం మీద ఆర్డీఓకు, ఆపైన కలెక్టర్‌కు అప్పీలు చేసుకునే వీలుంది.

ఇల్లు, ప్లాటు వంటి వాటికి ఈసీని (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రాన్ని) రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి చూసుకోవచ్చు. అంతకు ముందు జరిగిన లావాదేవీలకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకే వెళ్లాలి.

సాదా బైనామాలు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకళ్లు, ఉర్దూలో ఉన్న పాత కాగితాలు మీ ఇంట్లో ఉంటే వాటిని అన్నింటికన్నా ముందు, అత్యంత స్పష్టంగా స్కాన్ చేయండి. సిరా ఏటికేడు వెలిసిపోతుంది. చేతిరాత ఉర్దూను ఫోన్‌లోని అనువాద యాప్ నమ్మకంగా చదవలేదు. ఆ రాత వచ్చిన పెద్దమనిషి దగ్గర చదివించుకొని, ఆయన చెప్పిన తెలుగు అర్థాన్ని వేరే కాగితం మీద రాసి, దాన్ని కూడా అదే పీడీఎఫ్‌లో చివరి పేజీగా కలపండి. సాదా బైనామా విషయంలో స్కాన్ ఎంత బాగున్నా అసలు కాగితానికి బదులు కాదు.

రైతు బీమా సంగతి ఇక్కడే చూసుకోవాలి. 2018 ఆగస్టులో మొదలైన ఈ పథకం 18 నుంచి 59 ఏళ్ల వయసున్న పట్టాదారులకు వర్తిస్తుంది, రైతు మరణిస్తే నామినీకి ఐదు లక్షల రూపాయలు వస్తాయి. వయసును ఆధార్‌లోని పుట్టిన తేదీ ప్రకారమే లెక్కిస్తారు. నామినీగా ఎవరి పేరు ఉందో, ఆ నామినీ ఇప్పుడు బతికి ఉన్నారో లేదో, వారి ఆధార్‌లోని పేరు బ్యాంకు ఖాతాలోని పేరుతో సరిపోతుందో లేదో వ్యవసాయ విస్తరణాధికారిని అడిగి తెలుసుకొని, నోటుబుక్కులో రాసుకోండి.

ఇతరులకు ఇచ్చేటప్పుడు

ఆధార్ అడిగిన ప్రతిచోటా పూర్తి నంబరు కనిపించే ప్రతి ఇవ్వవలసిన పనిలేదు. మైఆధార్ వెబ్‌సైట్‌లో దించుకునేటప్పుడు ‘మాస్క్‌డ్ ఆధార్’ను ఎంచుకుంటే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపిస్తాయి. లాడ్జిలో గదికి, అద్దె ఇంటికి ఇది చాలు. ఆ పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డు, ఆధార్‌లో ఉన్న పేరులోని మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లీషు పెద్ద బడి (క్యాపిటల్) అక్షరాల్లో, ఆ వెంటనే పుట్టిన సంవత్సరం. మనలో చాలామందికి పేరుకు ముందు ఇంటిపేరు అక్షరం, దాని పక్కన చుక్క ఉంటాయి. ఆ చుక్క కూడా నాలుగింటిలో ఒకటిగా లెక్కకు వస్తుంది, ఖాళీ చోటు రాదు. పాస్‌వర్డు తప్పని వస్తే ముందు చూడవలసింది దీన్నే.

జిరాక్స్ సెంటర్‌కు వాట్సాప్‌లో కాగితం పంపి ప్రింటు తీయించుకున్న తర్వాత, మీ ఎదుటే దాన్ని ఆ కంప్యూటర్ నుంచి తొలగించమని మర్యాదగా అడగండి. జిరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద ఏ పనికి ఇస్తున్నారో, ఏ తేదీనో అడ్డంగా రాసి సంతకం చేయండి.

ఆధార్ వేలిముద్రలకు తాళం వేసుకోవాలని చెప్పే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. సలహా మంచిదే గాని, మన ఇళ్లకు అన్నింటికీ సరిపోదు. రేషన్ షాపులో బియ్యం వేలిముద్ర మీదనే ఇస్తారు కాబట్టి, నెలనెలా షాపుకు వెళ్లే మనిషి వేలిముద్రకు తాళం వేస్తే ఆ నెల ఉత్త చేతులతో తిరిగి రావలసి వస్తుంది. పట్నంలో ఉంటూ వేలిముద్ర వాడే అవసరం లేని పిల్లలకు వేయండి, ఊళ్లో ఉన్నవాళ్లకు వదిలేయండి.

పథకం డబ్బులు వచ్చాయనో, చలానా పడిందనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును (నొక్కితే యాప్ ఎక్కే ఫైలును) ముట్టుకోకండి, అది తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా సరే, ఎందుకంటే వాళ్ల ఫోన్ ఇప్పటికే మోసగాళ్ల చేతిలో ఉండవచ్చు. ఏ ప్రభుత్వ శాఖా యాప్‌ను అలా పంపదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే, బంధువులకు చెప్పుకోవడం తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బును అవతలి ఖాతాలోనే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

దూరాన ఉన్నవాళ్ల కోసం

పుణె, ముంబయి వైపు పనులకు పోయే పాలమూరు కుటుంబాలకు ఈ ఏర్పాటు మరింత అవసరం. వెళ్లే ముందు ఆధార్, రేషన్ కార్డు, పిల్లల బోనఫైడ్, టీకా కార్డు డ్రైవ్‌లో ఉన్నాయో లేదో చూసుకొని, ఆ ఫోల్డరును ఆఫ్‌లైన్‌లో కూడా తెరుచుకునేలా గుర్తుపెట్టండి, సైటు మీద సిగ్నల్ ఉండకపోవచ్చు. కేంద్ర ఆహార భద్రత చట్టం కింద ఉన్న రేషన్ కార్డులతో వేరే రాష్ట్రంలోనూ సరుకులు తీసుకోవచ్చు, రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డులకు ఆ సౌకర్యం లేదు. మీది ఏ రకమో బయలుదేరే ముందే డీలర్‌ను అడగండి.

ఫోన్ పోతే

ఈ పని ఈరోజే చేసిపెట్టుకోండి: డయల్ ప్యాడ్‌లో *#06# నొక్కితే కనిపించే పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరును ఇంటిలోని ప్రతి ఫోన్‌కూ నోటుబుక్కులో రాయండి. ఫోన్ పోయిన రోజు మొదట సిమ్ ఆపించి, బ్యాంకుకు చెప్పి, పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకోండి. తర్వాత కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో ఐఎంఈఐ, ఫిర్యాదు ప్రతి ఇస్తే ఆ ఫోన్ దేశంలో ఏ నెట్‌వర్కులోనూ పనిచేయకుండా ఆపుతారు. కొత్త సిమ్‌కు మెసేజీలు మొదలుకావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు కాబట్టి, ఓటీపీ రాలేదని కంగారు పడకండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో కూడా అదే వెబ్‌సైట్‌లో చూసి, మీవి కానివాటిని అక్కడే తెలియజేయండి.

అంతా అయ్యాక ఒక పరీక్ష పెట్టండి. మీరు ఊళ్లో లేని రోజు చూసి, ఇంట్లో ఉన్న భార్యకో, అమ్మకో, పెద్ద కూతురికో ఫోన్ చేసి, నాయన పాసుపుస్తకం రెండో పేజీ పంపమని అడగండి. పది నిమిషాల్లో రాకపోతే ఎక్కడ ఆగిందో అడిగి తెలుసుకోండి. మా ఇంట్లో మొదటిసారి ఆగింది ఫోన్ దగ్గర కాదు, నోటుబుక్కు దగ్గర. దాన్ని నేను బీరువాలో పెట్టి, బీరువా తాళాన్ని జేబులో వేసుకొని హైదరాబాదు వెళ్లాను. ఇప్పుడు ఆ నోటుబుక్కు వంటింటి అటక మీద, అందరికీ తెలిసిన డబ్బాలో ఉంటుంది. అందులో పిన్‌లు, పాస్‌వర్డులు రాయలేదు, అవి వేరే కాగితం మీద మా ఆలుమగలిద్దరికే తెలిసిన చోట ఉన్నాయి.